చీట్ల ఆదివారం

"పడవబ్బాయ్! కొంగల దగ్గరికి తీసుకెళ్ళి, సరిగ్గా నాలుగింటికి మళ్ళీ ఇక్కడే దించాలి. అయిదూ పదికి మా రైలు."

ఆ మాట అన్నది ఒక అమ్మాయి. గొడుగు కింద నిలబడి, చేతి గడియారం మీద వేలు పెట్టి మరీ అన్నది. ఆమె పక్కన ఒక పెద్దావిడ, ఆవిడ చేతిలో నాలుగు గిన్నెల క్యారియరు. ఇద్దరి కాళ్ళకీ పిక్కల దాకా దుమ్ము. సూళ్ళూరుపేట స్టేషన్లో దిగి, జట్కా కూడా ఎక్కకుండా మూడు మైళ్ళు నడిచి రేవుకి వచ్చారని ఆ దుమ్మే చెబుతోంది.

నాకు ఒళ్ళు మండింది. ఎస్సెల్సీ పాసైనవాణ్ణి. ఇరవై నాలుగేళ్ళు నిండినవాణ్ణి. పొద్దున్నే వల ఆరేసి, పడవలో నీళ్ళు తోడుకుంటున్నానే తప్ప నేను ఎవరి పడవబ్బాయినీ కాను.

"నా పేరు చిన్నపోలయ్య," అన్నాను. "నాలుగింటికే దించాలంటే నాతో గాదు, గాలితో మాట్లాడుకోండి. అది రెండుకి తిరగతాదో, అయిదుకి తిరగతాదో. దానికి గడియారం లేదు."

"మా రైలుకి ఉంది."

"అయితే ఆ రైలునే అడగండి, కొంగల కాడికి తీసకపొమ్మని."

పెద్దావిడ పకపకా నవ్వింది. "నాగులూ, నీకు సరైనవాడే దొరికాడు. బాబూ, నా పేరు రెబెక్కమ్మ. మేమిద్దరం మద్రాసు రాయపురంలో తెలుగు బడి టీచర్లం. ఈ అమ్మాయి నాగులమ్మ. పిల్లల్ని అదిలించే నోరు, ఆదివారం కూడా ఆగదు."

రెబెక్కమ్మగారికి ఒక నియమం ఉందట. పొద్దున రైలెక్కి, పొద్దుగూకేసరికి ఇల్లు చేరగలిగిన ప్రతి ఊరూ చూసి తీరాలి. కారు కూడదు, టాక్సీ కూడదు. టిక్కెట్టూ రెండు కాళ్ళూ చాలు. అలా కంచి అయింది, తిరుత్తణి అయింది, చెంగల్పట్టు, తడ అయిపోయాయి. ఆదివారం గుడికి పోకుండా ఈ తిరుగుడేమిటని ఫాదరు అడిగితే, దేవుడు చేసినవి చూడ్డానికే పోతున్నాను, ఆయనేమీ అనుకోడని చెప్పిందట. ఆ మాటతో నా కోపం సగం పోయింది. ఎక్కండి అన్నాను.

అది అరవై ఒకటి డిసెంబరు. పులికాటు సరస్సు నిండుగా ఉంది. నేను గడ వేస్తుంటే నాగులమ్మ ప్రశ్నలు వేస్తోంది.

"ఇక్కడ లోతెంత?"

"మీ నడుం దాకా."

"అక్కడ?"

"మీ మోకాళ్ళ దాకా. ఇంకా అడగతా పోతే గడ ఆపి మీ చేతికే ఇస్తా, కొలుచుకోండి."

ఆమె మూతి తిప్పుకుంది. మళ్ళీ తనే అంది. "మా నాన్నదీ ఈ సరస్సు వైపేనట. వయసులో ఉండగానే మద్రాసు హార్బరు పనికి వచ్చేశాడు. ఈ నీళ్ళ గురించి అడిగితే మాత్రం లేచి బయటికి వెళ్ళిపోతాడు."

"ఏం పేరు?"

"చెంచయ్య."

నాకు తెలియని పేరు. గడ వేస్తూ పోయాను.

దూరంగా నీళ్ళ మీద తెల్లటి గీత ఒకటి కనిపించింది. "అది ఇసుక దిబ్బా?" అని అడిగింది. నేను గడ పైకి తీసి, మాట్లాడొద్దని సైగ చేశాను. పడవ తన ఊపులో తనే జారిపోతోంది. గీత దగ్గరయింది. గీతకి కాళ్ళు వచ్చాయి. మెడలు వచ్చాయి. ఒక మెడ లేచి మా వైపు చూసింది.

ఆ వెంటనే దిబ్బ దిబ్బంతా లేచింది.

వేలు. ఎన్ని వేలో నేను చెప్పలేను. రెక్కలు విప్పేసరికి తెలుపు పోయి నిప్పు రంగు, ఆ రంగు అంచున నలుపు. నీళ్ళ మీద కాళ్ళతో పరిగెత్తి, ఒక్కొక్క వరసా గాలిలోకి ఎక్కి, మా తలల మీదుగా మళ్ళాయి. ఎండ మాసిపోయింది. పడవ మీదా, మా చేతుల మీదా నీడలు పరిగెత్తాయి. ఆ చప్పుడులో ఇంకేదీ వినపడలేదు.

నాగులమ్మ లేచి నిలబడింది. పడవలో అలా నిలబడకూడదు. కసరాల్సింది పోయి, గడ నేలకి ఆనించి పడవ ఊగకుండా పట్టుకున్నాను. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, మొహం పైకెత్తి, చెంపల మీద కన్నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా చూస్తోంది. రెబెక్కమ్మగారు కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది.

అవి దూరమయ్యాక నాగులమ్మ అడిగింది. "ఇన్ని... ఎక్కణ్ణించి వచ్చాయి?"

"తెలీదు. మా తాతకీ తెలీదు. చలికి వస్తాయి, ఎండలు ముదిరితే పోతాయి."

"ప్రతి ఏడూ చూస్తారా మీరు?"

చూస్తానని చెప్పబోయి ఆగిపోయాను. ఎర్రకాళ్ళ కొంగలంటే మాకు వల దగ్గర బురద కెలికే పీడ. రాళ్ళు వేసి తోలుతాం. ఇరవై నాలుగు చలికాలాలు అవి నా నెత్తి మీదుగా పోయాయి, ఒక్కనాడు తల ఎత్తి నిలబడింది లేదు. ఆమె చూస్తుంటే, ఆ రోజు నేను మొదటిసారి చూశాను.

"ఈరోజే చూసినా," అన్నాను. ఆమె నా వైపు తిరిగింది. ఆ తిరగడంలో టీచరు లేదు.

గాలి మూడున్నరకి తిరిగింది. రేవులో దిగి, నడకా పరుగూ కాని నడకతో స్టేషను చేరేసరికి గార్డు పచ్చజెండా ఊపుతున్నాడు. రెబెక్కమ్మగారిని దాదాపు ఎత్తి పెట్టెలో వేశాను. క్యారియరు కిటికీలోంచి అందించాను. బండి కదిలాక నాగులమ్మ తల బయటికి పెట్టి అరిచింది.

"చిన్నపోలయ్యగారూ! గాలి మూడున్నరకి తిరిగింది. రాసుకోండి!"

ప్లాట్‌ఫారం ఖాళీ అయిపోయినా నేను అక్కడే నిలబడి ఉన్నాను.

*

రెండు వారాలకి మళ్ళీ వచ్చారు. ఆ రోజు వాన.

పడవ నడి సరస్సులో ఉండగా తూర్పున సముద్రం వైపు నుంచి వాన నడుచుకుంటూ వచ్చింది. నడుచుకుంటూనే వచ్చింది. ముందు అక్కడ నీళ్ళు తెల్లబడ్డాయి, తర్వాత ఇక్కడ. తెరచాప దించి ముగ్గురం దాని కింద దూరాం. మధ్యలో రెబెక్కమ్మగారు కోటగోడలా కూర్చుంది.

బయట ఆకాశం ఏదో నీళ్ళేవో తెలియడం లేదు. ఒడ్డు లేదు, దిబ్బ లేదు. ప్రపంచంలో మా పడవ ఒక్కటే మిగిలినట్టుంది.

"భయంగా ఉండాదా టీచరుగారూ?"

"లేదు. ఇంత పెద్దది నా కోసం కురవడమేమిటా అని చూస్తున్నాను."

"మీ కోసమే కురస్తా ఉండాదని ఎవరు చెప్పినారు? నేనూ ఉండా గదా."

"నేనూ ఉన్నాను," అంది రెబెక్కమ్మగారు. "నా వీపు మాత్రమే తడుస్తోంది."

చాప అంచు మీంచి నాగులమ్మ నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు తర్వాత వారమంతా సరిపోయింది.

జనవరిలో రెండు ఆదివారాలు వచ్చారు. ఇంకా చూడని స్టేషన్లు మిగిలాయి కదా అని అడిగితే, "అవి ఎక్కడికీ పోవు" అంది నాగులమ్మ. అని, వెంటనే సరస్సులోకి చూడ్డం మొదలుపెట్టింది. చెవులు ఎర్రబడ్డాయి.

నాలుగో సారి మా కుప్పానికి తీసుకెళ్ళాను. సరస్సు ఒడ్డున పల్లెకారుల ఇళ్ళు నలభై, అదే మా కుప్పం. మా అమ్మ పిచ్చమ్మ చేపల పులుసు పెట్టింది. పెడుతూ పెడుతూ అన్నీ లాగేసింది. వాళ్ళు వెళ్ళాక, "చెంచయ్య అంటే పక్క కుప్పం చెంచయ్యరా! ఆళ్ళు మనోళ్ళే," అంది. ఆ సంతోషంలో పొయ్యి మీద అన్నం మాడ్చింది.

మా నాన్న కామాక్షయ్య మాత్రం నవ్వి ఊరుకున్నాడు. ఆయనకి మోకాళ్ళు పట్టేశాయి. నీళ్ళలో గంటసేపు నిలబడితే మర్నాడు లేవలేడు.

*

ఇక్కడ మా పాడు సంగతి చెప్పాలి. ఇది తెలియకపోతే నేను చేసిన వెధవ పని అర్థం కాదు.

సరస్సులో రొయ్యలు బాగా పడే చోట్లు కొన్నే. వాటినే పాడులంటాం. ఎవరు పడితే వాళ్ళు, ఎప్పుడు పడితే అప్పుడు అక్కడ వల కట్టడానికి వీల్లేదు. శివరాత్రికి ముందు ఆదివారం కుప్పమంతా కూర్చుని చీట్లు వేసి, ఆ ఏడు ఎవరి వంతు ఏ రోజో తేలుస్తారు. పెళ్ళయిన మగవాడికే వంతు. ఇరవై అయిదు నిండేలోగా ఇల్లాలితో వచ్చి పేరు వేయించుకోకపోతే, తర్వాత మూడేళ్ళు ఆగాల్సిందే. అందుకని మా వైపు పెళ్ళిళ్ళన్నీ చీట్లకి ముందే జరుగుతాయి. అది మాకు ఎంత మామూలంటే, అందులో తప్పు ఉండొచ్చని ఎవరికీ తోచదు.

నాకూ తోచలేదు. నాగులమ్మకి ఉత్తరం రాశాను. ఆ కొంగలు లేచిన రోజు నుంచి నా కళ్ళు నావి కావని రాశాను. ఒప్పుకుంటే మా వాళ్ళు వచ్చి మాట్లాడతారని రాశాను. పక్కనే కూర్చున్న మా అమ్మ, "చీట్లకి ముందరే ముహూర్తం పెట్టుకోవాల, నీ వంతు పోకుండా, అది రాయి" అంది. రాశాను. కమ్మగా, గుండ్రటి అక్షరాలతో రాశాను.

తర్వాతి ఆదివారం రెబెక్కమ్మగారు ఒక్కతే వచ్చింది. నవ్వలేదు. నా చేతిలో కాగితం పెట్టింది. రెండే వాక్యాలు.

"మీ పాడుకి ఒక ఇల్లాలు కావాలంటే మీ ఊళ్ళో దొరుకుతుంది. నన్ను కొంగల దగ్గరికి తీసుకెళ్ళినందుకు కృతజ్ఞురాలిని."

"ఏం రాసినానమ్మా నేను?" అన్నాను.

"వాళ్ళ మేనత్త కామమ్మ గురించి నీకు తెలీదు కదా," అంది ఆవిడ. "చెంచయ్య చెల్లెలు. ఇక్కడే ఒక కుప్పంలో ఇచ్చారు. చీట్లు దగ్గరపడ్డాయని నాలుగు రోజుల్లో పెళ్ళి చేశారు. మొగుడికి వంతు వచ్చింది. ఏడాది తిరక్కముందే ఆ పిల్లని పుట్టింటికి పంపేశారు. వాళ్ళకి కావలసింది పెళ్ళయిందన్న పేరు. అది దొరికాక మనిషితో పనేముంది? ఆ అవమానం పడలేక చెంచయ్య చెల్లెల్ని తీసుకుని మద్రాసు వచ్చేశాడు. కామమ్మ ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. నీ ఉత్తరం చివరి వాక్యం చదివి ఆమె అన్నం మానేసింది."

"నేను అట్టాంటోణ్ణి గాదమ్మా."

"నాకు తెలుసు. తెలియాల్సింది నాకు కాదు."

ఆవిడ గొడుగు తీసుకుని లేచింది. స్టేషను దాకా తోడు వస్తానంటే వద్దంది.

*

చీట్ల ఆదివారం పొద్దున్నే పందిట్లో అందరూ కూడారు. మా కుల పెద్ద మాల్యాద్రి మామ. మంచివాడే. నన్ను పక్కకి పిలిచాడు.

"మద్రాసు పిల్ల కాదనిందంట గదా. దానికేముందిరా? ఎవురితోనో ఒకరితో తాంబూలాలు పుచ్చుకున్నావని చెప్పు, పెళ్ళి తరవాత చేసుకుందువుగాని, నీ పేరు ఏసుకుంటా. పిల్ల ఎవురైతే ఏంది, పేరు ఒకటి చెప్పు."

పిల్ల ఎవరైతే ఏమిటి. ఆ మాట విన్నాక నా చెవులు మూసుకుపోయాయి. అచ్చం ఈ మాటే నేను ఉత్తరంలో గుండ్రటి అక్షరాలతో రాసి పంపానని అప్పుడు అర్థమైంది.

"నా పేరు ఏయొద్దు మామా."

"పిచ్చోడా! ఇప్పుడు పోతే మూడేండ్లు."

"తెలుసు."

"పొద్దు నెత్తి మీదికి వచ్చినాకే చీట్లు తీసేది. ఆ లోపల మనసు మారితే రా."

మా అమ్మ ఏడుపు లంకించుకుంది. నేను మా నాన్న వైపు చూశాను. ఆయన వల అల్లుతున్న చెయ్యి ఆపి, తన మోకాళ్ళ వైపు ఒకసారి చూసుకుని, తల ఎత్తాడు.

"మద్రాసు బండి తొమ్మిదిన్నరకి," అన్నాడు. "నడిస్తే అందుకుంటావు. పో."

నేను పరిగెత్తాను.

రోజూ కూత వింటున్నానే గాని, నేను రైలెక్కడం అదే మొదలు. ఇంజను పక్కన నిలబడితే దాని వేడి మొహానికి కొట్టింది. బండి కదిలాక చెట్లూ, దిబ్బలూ, నడుమెత్తు పైర్లూ వెనక్కి పోతుంటే కిటికీ ఊచ వదల్లేదు. తొమ్మిది మైళ్ళు నడవడానికి పూటంతా పట్టే తడ ఊరు, ఊపిరి తీసుకునేలోగా వచ్చి పోయింది. ఇదంతా దాటి, మళ్ళీ ఇదంతా దాటి, ఆమె నాలుగుసార్లు మా నీళ్ళ దగ్గరికి వచ్చిందా అనిపించింది. ఆ నాలుగు ఆదివారాలకి ఒక్కసారిగా బరువు వచ్చింది. సెంట్రల్ స్టేషన్లో దిగాను. ఆ కప్పు కింద మా కుప్పాలు పది పట్టేస్తాయి. అంత జనం ఒక్కచోట, అందరికీ ఎక్కడికి పోవాలో తెలుసు, నాకు తప్ప. కనపడ్డవాళ్ళనల్లా అడుగుతూ నడిచాను. రాయపురంలో ఇల్లు దొరికేసరికి ఎండ నడినెత్తిన ఉంది.

తలుపు తీసింది ఒక బక్కపల్చటి ఆవిడ. వాకిట్లో కుర్చీలో కూర్చున్న ఒకాయన లేచాడు. చెప్పకపోయినా తెలిసింది, ఈయన చెంచయ్య, ఈమె కామమ్మ.

"నేను పులికాటు నించి వచ్చినా. చిన్నపోలయ్యని," అన్నాను.

చెంచయ్య మొహం బిగుసుకుపోయింది. "చీట్లకి ఇంకా టైముందని అడగను వచ్చినావా? మా పిల్లని ఇయ్యం. పో."

కామమ్మ మాత్రం కదల్లేదు. నా మొహంలోకి చూస్తోంది. చూస్తూనే అడిగింది. "ఇయ్యాల శివరాత్రి ముందర ఆదివారం గదా?"

"అవునమ్మా."

"చీట్లు ఇయ్యాలే గదా?"

"అవును. ఈ పాటికి తీసేసుంటారు."

ఆమె చెయ్యి గోడని వెతుక్కుంది. "అన్నా," అంది మెల్లగా. "ఈ బిడ్డ చీట్లు ఇడిసిపెట్టి వచ్చినాడే."

చెంచయ్య నిలబడ్డవాడు నిలబడ్డట్టే కుర్చీలో కూలబడ్డాడు. హార్బరులో ముప్ఫై ఏళ్ళు మూటలు మోసిన మనిషి. నా వంక చూసి, పైన సూర్యుడి వంక చూసి, మళ్ళీ నా వంక చూశాడు. సరస్సులో పుట్టినవాడికి ఆ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు.

"మూడేండ్లు పోయినట్టేనా?" అన్నాడు.

"పోయినట్టే."

లోపలి గుమ్మంలో నాగులమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఆమె మొహంలో ఆ రోజు పడవలో చూసిన చూపు. ఈసారి పైన ఆకాశంలో ఏమీ లేదు, ఎదురుగా నేనే ఉన్నాను. నాకు భయమేసింది. అంత చూపుకి తగినవాణ్ణి నేను కాదు.

"మీ నాన్నగారి మోకాళ్ళో?" అంది.

"నాయన వంతులో నేను నీళ్ళలోకి దిగతా. ఆయన ఒడ్డున కూర్చుంటాడు. ఒక వంతుతోనే ఇల్లు గడవాల. కష్టమే."

"కష్టం లేదని ఒక్క అబద్ధం చెప్పొచ్చు కదా?"

"అబద్ధం చేతగాకనే గదా ఆ ఉత్తరం అట్టా రాసింది. తప్పు రాసినా. నువ్వు కావాల, అంతే రాయాల్సింది. అది చెప్పిపోదామని వచ్చినా. నువ్వు కాదన్నా సాయంత్రం బండికి పోతా, ఏమీ అనుకోను. కాదు, అనుకుంటా. శానా అనుకుంటా."

నాగులమ్మ నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది. తర్వాత గొంతు సవరించుకుని, బళ్ళో పిల్లలకి చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"విను. మూడేళ్ళ తర్వాత నీ పేరు చీటీ మీద రాసేనాటికి మన పెళ్ళయి ఏళ్ళు గడిచి ఉంటాయి. ఆ రోజు నేను మా అత్తని తీసుకొచ్చి మీ పందిట్లో ముందు వరసలో కూర్చోబెడతాను. పెళ్ళి కోసం వంతా, వంతు కోసం పెళ్ళా అని ఎవరైనా అడిగితే, ఆమే చెబుతుంది."

చెంచయ్య తల వంచుకుని కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ముహూర్తం మాత్రం తొందరపడి పెట్టొద్దు అల్లుడా," అన్నాడు. "నిదానంగా, మంచి రోజు చూసి చేద్దాం."

నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. మూడు మైళ్ళ దుమ్ముతో, ఇంజను మసితో వాకిట్లోనే నిలబడి ఉన్నాను. కామమ్మ లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. పెళ్ళికూతురి మేనత్తకి నేను కొడుకు వరస అవుతాను. అలా ఒకరిని పిలవడం కోసం ఆమె ఎన్నేళ్ళు ఎదురుచూసిందో నాకు తెలియదు గాని, చెంబు నా చేతికిచ్చి పిలిచింది.

"కాళ్ళు కడుక్కోని లోపలికి రా, కొడకా."